మా పరిధి కాదన్నారు

పోయిన నెల బస్సు ప్రయాణంలో అమ్మ బ్యాగు ఎవరో కొట్టేశారు. అందులో ఆవిడ పెళ్లినాటి గాజులున్నాయి. దిగిన ఊళ్లో స్టేషన్‌కి వెళ్తే "దొంగతనం ఇక్కడ జరగలేదుగా, మా పరిధి కాదు" అన్నారు. అమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది. టెన్షన్‌తో లాయరు బాబాయికి ఫోన్ చేశాను. 2024 జులై 1న పాత నేర విచారణ చట్టమైన సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్ష సంహిత వచ్చిందనీ, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని 173వ సెక్షన్‌లో ఉందనీ చెప్పాడు. అదే మర్యాదగా చెప్పాను. రాసుకున్నారు, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇచ్చారు. ఇలా పరిధి చూడకుండా కేసు రాసుకునే జీరో ఎఫ్ఐఆర్ పద్ధతి ముందూ ఉండేది కానీ చట్టంలో ఇంత స్పష్టంగా లేదు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా మనకు తెలపాలి కూడా. క్యాలెండర్‌లో ఆ తేదీకి సున్నా చుట్టి పెట్టింది అమ్మ.