సమిద్ధోఽగ్నిః: నిప్పు రాజుకోవాలంటే

యథైధాంసి సమిద్ధోఽగ్నిర్భస్మసాత్కురుతేఽర్జున
జ్ఞానాగ్నిః సర్వకర్మాణి భస్మసాత్కురుతే తథా

భగవద్గీత నాలుగో అధ్యాయంలో 37వ శ్లోకం ఇది. "అర్జునా, బాగా మండుతున్న అగ్ని కట్టెలను ఎలా బూడిద చేస్తుందో, జ్ఞానమనే అగ్ని కర్మలన్నిటినీ అలాగే బూడిద చేస్తుంది" అని అర్థం. ఇది చదివినప్పుడల్లా నా మనసు 'భస్మం' అన్న మాట దగ్గరే ఆగిపోయేది. కర్మలన్నీ కాలిపోతాయని భగవంతుడే చెబుతుంటే ఇంకేం కావాలి అనుకునేదాన్ని. దానికి ముందున్న చిన్న మాట, 'సమిద్ధః', చాలా ఏళ్లు నా కంటికి ఆనలేదు.

ఉత్త అగ్ని అని ఊరుకోలేదు కృష్ణుడు. సమిద్ధమైన అగ్ని, అంటే చక్కగా రాజుకుని నిలబడ్డ నిప్పు అన్నాడు. అప్పుడే పుట్టిన రవ్వ మీద మోపెడు కట్టెలు పడేస్తే కట్టెలు అలాగే ఉంటాయి, రవ్వే ఆరిపోతుంది. ఇంకో ముచ్చట చూడండి. సమిద్ధం, సమిధ, ఇంధనం, శ్లోకంలో కట్టెలని చెప్పే 'ఏధాంసి', వీటన్నిటికీ మూలం వెలగడాన్ని, వెలిగించడాన్ని చెప్పే ఒకే ధాతువు. మండే నిప్పుకీ దానికి వేసే కట్టెకీ మన భాషలో చుట్టరికం ఉంది.

ఆ మాట విలువ నాకు పుస్తకంలో కాదు, ఒక హోమగుండం దగ్గర తెలిసింది. సమిధలు వేసే పని నాకు అప్పగించారు. మంట ఇంకా సరిగా అందుకోలేదు. నాకేమో ఆత్రం. ఒకదాని మీద ఒకటి గబగబా పేర్చేశాను. నిమిషంలో ఉన్న మంట కాస్తా అణిగిపోయి పొగ కమ్మేసింది, అందరి కళ్లూ మండాయి. టెన్షన్‌తో ఇంకో రెండు పుల్లలు వేయబోయాను. పక్కనే ఉన్న పెద్దాయన ఆపారు. పట్టకారుతో నేను వేసిన వాటిలో నాలుగు పుల్లలు బయటికి తీసి గుండం అంచున పెట్టారు. మిగిలినవాటిని కాస్త ఎడంగా జరిపి, విసనకర్రతో రెండుసార్లు మెల్లగా విసిరారు. భగ్గున మంట లేచింది. "దానికి ఊపిరాడటం లేదమ్మా" అన్నారు, అంతే.

నిప్పుకి ఏం కావాలంటే కట్టె కావాలని ఎవరైనా చెబుతారు. అంటుకోవడానికి తగినంత వేడి కావాలని ఇంకాస్త ఆలోచిస్తే తోస్తుంది. గాలి మాత్రం కంటికి కనిపించదు కాబట్టి మరిచిపోతాం. నిజానికి మనం చూసే మంటలో మండేది నేరుగా కట్టె కాదు. వేడికి కట్టెలోంచి వాయువులు బయటికొస్తాయి, అవి గాలిలోని ప్రాణవాయువుతో కలిసినప్పుడు మంటవుతాయి. గాలిలో ప్రాణవాయువు దాదాపు 21 శాతం. అది 16 శాతం దరిదాపులకు పడిపోతే కొవ్వొత్తి ఆరిపోతుంది. అంటే గాలి మొత్తం పోనక్కర్లేదు, కాస్త ఇరుకైతే చాలు. రెండు సమిధల మధ్య మనం వదిలే సందు ఖాళీ అనుకుంటాం, నిప్పు నిలబడేది ఆ సందు వల్లే.

మన పెద్దలకు ఇది ఎంత బాగా తెలుసో! అమరకోశంలో అగ్నికున్న పేర్లలో 'వాయుసఖుడు' ఒకటి, గాలికి స్నేహితుడు. తైత్తిరీయోపనిషత్తు అయితే స్నేహం దగ్గర కూడా ఆగలేదు, 'వాయోరగ్నిః' అంది. అగ్ని పుట్టిందే వాయువు నుంచట.

తడి సంగతీ వాళ్లకు తెలుసు. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు తన భార్య మైత్రేయితో, తడి కట్టెలు వేసిన నిప్పు నుంచి రకరకాల పొగలు ఎలా వస్తాయో, పరమాత్మ అనే ఆ మహాభూతం ఊపిరిగా వేదాలు అలా వెలువడ్డాయంటాడు. అంత పెద్ద విషయానికి అంత మామూలు పోలిక! రోజూ పొగలో కళ్లు నులుముకుంటూ నిప్పు రాజేసినవాళ్లకే ఇలాంటి పోలిక తడుతుందని నాకు గట్టిగా అనిపిస్తుంది. తడి కట్టె ఎందుకు అంటుకోదంటే, వచ్చిన వేడంతా ముందు నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. నీటిని 0 నుంచి 100 డిగ్రీల దాకా కాచడానికి పట్టే వేడికి అయిదు రెట్లకు పైగా, ఆ మరిగిన నీటిని ఆవిరి చేయడానికి పడుతుంది.

ముండకోపనిషత్తులో ఆహుతి ఎప్పుడు వేయాలో చెప్పిన మంత్రం ఒకటుంది. 'యదా లేలాయతే హ్యర్చిః సమిద్ధే హవ్యవాహనే.' బాగా రాజుకున్న అగ్నిలో జ్వాల నాట్యమాడుతున్నప్పుడు, అప్పుడు వేయమంది. గీతలోని మాటే, సమిద్ధం, ఇక్కడా ఉంది. అప్పటిదాకా చేతిలో ఆజ్యం, అంటే నెయ్యి, పట్టుకుని ఆగాలి.

ఆగడం నాకు రాలేదు. ఆ రోజు గుండంలో చేసిన పనే నా సాధనలో ఏళ్ల తరబడి చేస్తూ వచ్చానని తర్వాత అర్థమైంది. పొద్దున్నే లేచి సహస్రనామం, దాని వెంటనే ఇంకో స్తోత్రం, ఆపైన ఒక అధ్యాయం, మధ్యాహ్నం ఒక ప్రవచనం, సాయంత్రం మరొకటి. ఒక్కటి తప్పినా తప్పు చేశానన్న బెంగ. అన్నీ మంచివే, మేలైన సమిధలే. కానీ ఒక నామానికీ ఇంకో నామానికీ మధ్య సందు లేదు. చదివిన శ్లోకం లోపల అంటుకునేలోపే ఇంకొకటి దాని మీద పడేది. చివరికి నోరు తిరుగుతుండేది, కళ్లు గడియారం మీద ఉండేవి, పొగ తప్ప ఏమీ మిగల్లేదు. భక్తి తగ్గిపోయిందేమోనని ఏడ్చిన రోజులున్నాయి.

కామక్రోధాలకీ ఇదే లెక్క వర్తిస్తుంది, గీతే కామాన్ని తీరని అనలం, అంటే ఎంత వేసినా చాలని నిప్పు అంది. కోపం వచ్చినప్పుడు జరిగింది పదేపదే తలుచుకోవడం సమిధ వేయడమే, పక్కవాళ్లు ఎగదోయడం గాలి విసరడమే. మైత్రాయణీయోపనిషత్తు దాని మందు కూడా చెప్పింది. ఇంధనం అయిపోయిన నిప్పు తన పుట్టుకచోట తానే శాంతిస్తుంది, వృత్తులు, అంటే మనసులో లేచే ఆలోచనలు, తగ్గితే చిత్తం కూడా అంతే.

ఇప్పుడు పొద్దున ఒక్క శ్లోకమే చదువుతున్నాను. చదివి, పుస్తకం మూసి, కాసేపు ఊరికే కూర్చుంటాను. కొన్ని రోజులు ఏమీ అవదు. కొన్ని రోజులు ఒక మాట లోపల మెల్లగా అంటుకుంటుంది, వంటింట్లో పని చేసుకుంటున్నా వెచ్చగా తెలుస్తూనే ఉంటుంది. పక్కన పెట్టేసిన స్తోత్రాల గురించి మొదట్లో దిగులుగా ఉండేది. అలా దిగులేసినప్పుడల్లా ఆ హోమం చివర చూసింది గుర్తొస్తుంది.

పెద్దాయన బయటికి తీసి గుండం అంచున పెట్టిన ఆ నాలుగు పుల్లలూ అక్కడే ఉన్నాయి. గంటసేపు ఆ సెగకి చెమ్మంతా ఆరిపోయింది. పూర్ణాహుతికి ముందు ఆయన వాటిని నా చేతికిచ్చి, "ఇప్పుడు వెయ్యమ్మా" అన్నారు. ఒక్కొక్కటీ వేశాను. నా వేళ్లు వెనక్కి తీసుకునేలోపే అంటుకున్నాయి.