బ్లాక్ అండ్ వైట్ ప్రింట్‌కి సాఫ్ట్ ప్రూఫింగ్: నా అనుభవం

సాఫ్ట్ ప్రూఫింగ్ అంటే ఫొటో కాగితం మీద ఎలా వస్తుందో ప్రింట్ కొట్టకముందే స్క్రీన్ మీద చూసుకోవడం. ఉండవల్లి గుహల్లో పవళించిన అనంతపద్మనాభుడి ఫొటో లాంటిదైతే అసలు పరీక్షంతా నీడల్లోనే. స్క్రీన్ మీద వెనక గోడ గరుకుదనం కూడా తెలుస్తుంది. మెరుపులేని మ్యాట్ పేపర్ మీదకొచ్చేసరికి అక్కడ ఒకటే మసి. చాలావరకు ఇది ప్రింటర్ తప్పు కాదు, కాగితం హద్దు. 0 పూర్తి నలుపు, 100 పూర్తి తెలుపు అనుకుంటే కాస్త మెరుపుండే మంచి బరైటా పేపర్ నలుపు 4, 5 దాకా దిగుతుంది. మ్యాట్ కాటన్ పేపర్ 16, 17 దగ్గరే ఆగిపోతుంది.

ముందు మానిటర్. బెజవాడ ఎండలో కిటికీ పక్కన కూర్చుంటే ఎవరైనా బ్రైట్‌నెస్ పెంచేస్తారు, తర్వాత ప్రింట్ నల్లగా వచ్చిందంటారు. కర్టెన్ వేసి, క్యాలిబ్రేటర్‌తో (స్క్రీన్‌ని కొలిచి సరిచేసే పరికరం) వెలుగుని చదరపు మీటరుకు 80 నుంచి 100 క్యాండెలాలకి తెస్తాను. వైట్ పాయింట్ (స్క్రీన్ తెలుపు ఛాయ) డీ65, అంటే పగటి వెలుగు తెలుపు. గామా (మధ్య టోన్ల వెలుగును నిర్ణయించేది) 2.2. ల్యాప్‌టాప్ అయితే ఆటో బ్రైట్‌నెస్ ఆపాల్సిందే.

ఫొటోషాప్‌లో ఫైల్‌ని ఆర్‌జీబీలోనే ఉంచి, వ్యూ మెనూలో ప్రూఫ్ సెటప్, అందులో కస్టమ్. ప్రింటర్‌కీ కాగితానికీ సరిపడే ఐసీసీ ప్రొఫైల్ (ఆ జోడీ రంగుల్ని ఎలా వేస్తుందో చెప్పే ఫైల్) ఎంచుకుంటాను. ప్రిజర్వ్ నంబర్స్ టిక్ తీసేయాలి. రెండరింగ్ ఇంటెంట్ (కాగితం మీద రాని రంగుల్ని ఎలా సర్దాలో చెప్పేది) రిలేటివ్ కలరిమెట్రిక్, బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ (ఫొటో నలుపును కాగితం నలుపుకి సర్దేది) ఆన్. అది ఆపితే కాగితం నలుపు కన్నా కింద ఉన్న టోన్లన్నీ ఒకే ముద్ద అవుతాయి. తర్వాత సిమ్యులేట్ పేపర్ కలర్ టిక్ పెడితే ఫొటో ఒక్కసారిగా పాలిపోతుంది. ఆ క్షణంలో స్క్రీన్ వైపు చూడకపోవడమే మంచిది. ప్యానెళ్లన్నీ దాచేసి, కాసేపాగి చూస్తే కన్ను సర్దుకుంటుంది. పక్కన తెల్లటి మెనూలు కనిపిస్తుంటే కాగితం తెలుపు మురికిగానే అనిపిస్తుంది.

అసలు పని ఇక్కడే. పాలిపోయింది కదా అని మొత్తం కాంట్రాస్ట్ పెంచితే నీడలు మళ్లీ మూసుకుపోతాయి. నేను 0ని కదపను. దాని పైనున్న ముదురు టోన్లను మాత్రం కర్వ్స్ లేయర్‌తో (టోన్ల వెలుగును ఒక గీత వంచి మార్చే పొర) విడదీసి, మధ్య టోన్లలో కాస్త వాలు పెంచుతాను. ఆ లేయర్‌కి కాగితం పేరే పెడతాను, ఎందుకంటే బరైటాకి అది పనికిరాదు.

ఎప్సన్ ప్రింటర్లలో అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ మోడ్ వాడేవాళ్లకి ఒక మెలిక ఉంది. ఆ మోడ్ గ్రే ఇంకుల మీదే ఎక్కువ ఆధారపడుతుంది, కలర్ ప్రొఫైల్ దారిలో పోదు. కాబట్టి కలర్ ప్రొఫైల్‌తో చూసిన ప్రూఫ్ మధ్య టోన్లలో కలవదు. 21 మెట్ల గ్రే పట్టీని అదే మోడ్‌లో, అదే కాగితం మీద కొట్టి, ఆరాక స్పెక్ట్రోతో (ప్రింట్ టోన్ కొలిచే పరికరం) కొలిచి, క్వాడ్‌టోన్‌రిప్ అనే ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే టూల్‌లో గ్రే ప్రొఫైల్ చేసుకోవాలి. శ్రమే, కానీ ఆ తర్వాత ఊహించాల్సిన పని తగ్గుతుంది.

పెళ్లి ఆల్బమ్‌లు కొట్టే ల్యాబుల దారి వేరు. అక్కడ చాలావరకు కలర్ పేపరే. కాగితంలోని మూడు రంగుల డైలు (రంగు పదార్థాలు) కలిసి గ్రే అవ్వాలి కాబట్టి ఎంతో కొంత ఛాయ తగులుతుంది. ఎస్‌ఆర్‌జీబీ (మామూలు స్క్రీన్లు, ల్యాబులు వాడే రంగుల ప్రమాణం) జేపెగ్, 300 పీపీఐ ఇచ్చి, “అన్నా, కరెక్షన్ వేయొద్దు, ఉన్నదున్నట్టు కొట్టండి” అని చెప్పాలి. లేకపోతే ఆపరేటర్ అలవాటుగా డెన్సిటీ (ప్రింట్ ముదురుదనం) మారుస్తాడు. ముందు అంచున గ్రే పట్టీ ఉన్న 4×6 ఒకటి తీయిస్తే ఛాయ ఎటు వాలుతోందో తెలిసిపోతుంది.

ఇంట్లో కొట్టేటప్పుడు వానాకాలం వేరే గొడవ. కృష్ణ ఒడ్డు తేమకి కాటన్ షీట్ల అంచులు లేస్తాయి, హెడ్ తగిలి నల్లగా పూస్తుంది. ప్యాకెట్ జిప్ వేసి ఉంచాలి, లేచిన అంచును వెనక్కి మెల్లగా వంచాలి, ప్లాటెన్ గ్యాప్ (హెడ్‌కీ కాగితానికీ మధ్య ఖాళీ) వైడ్‌కి మార్చాలి. ప్రింట్‌ని 24 గంటలు ఆరనిచ్చాకే టోన్ మీద తీర్పు. ట్యూబ్‌లైట్ కింద ఆకుపచ్చగా, పగటి వెలుగులో ఎర్రగా కనిపిస్తే ఫైల్ జోలికి పోవద్దు. ముందు కలర్ ఇంకుల వాటా తగ్గించే మోడ్‌లో మళ్లీ కొట్టి చూడండి.