మీకు మలేరియా కొత్తా?

"ఇండియా నుంచి వచ్చారుగా, మలేరియా మీకు కొత్తేమీ కాదు. ఇది వైరల్‌లా ఉంది. పారాసెటమాల్ వేసుకుని పడుకోండి." మాలాగే స్వచ్ఛందంగా పనిచేయడానికి వచ్చిన ఒక పెద్ద డాక్టరు గారు, నా నాడి కూడా చూడకుండా గుమ్మంలో నిలబడి అన్న మాట ఇది. జ్వరం తగ్గింది. ఆ మాట మీద కోపం తగ్గలేదు.

మావారు సర్జన్. ఆఫ్రికాలోని మలావీ దేశం దక్షిణాన, ములాంజే కొండకు కాస్త దూరంలో ఉన్న ఒక మిషన్ ఆసుపత్రిలో కొన్నాళ్ళు పనిచేయడానికి పిల్లలతో సహా వెళ్ళాం. మా అమ్మ పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ గారి గురించి వింటూ పెరిగాను, అందుకే మావారు అడగ్గానే సరేనన్నాను. మేం వెళ్ళింది ఫిబ్రవరిలో. అక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, వానలతో పాటే దోమలు. పిల్లల వార్డులో మంచానికి ఇద్దరు.

ఆ శనివారం మావారికి సెలవు దొరికింది. టీ తోటల మధ్య నుంచి లికుబులా వాగు దగ్గరికి వెళ్ళాం. పిల్లలు నీళ్ళలో ఆడుతున్నారు, నేను పులిహోర డబ్బా మూత తీస్తున్నాను. అంత ఎండలో వణుకు పట్టుకుంది. పళ్ళు టకటకలాడుతుంటే దుప్పట్లు కప్పి వెనక్కి తీసుకొచ్చారు. అప్పుడే పెద్దాయన ఆ మాట అన్నారు. పరీక్ష చేయించలేదు. మావారూ ఆయన చెప్పారుగా అని ఊరుకున్నారు. సర్జన్లంతే, కోసేది ఉంటే తప్ప కంగారుపడరు.

సాయంత్రం కాన్పు కష్టమైన కేసు వచ్చిందని మావారిని పిలిచారు. "ఇప్పుడే వస్తా" అని వెళ్ళారు. కాసేపటికి కరెంటు పోయింది. చిన్నాడు నిద్రపోయాడు. పన్నెండేళ్ళ మా పెద్దది నా పక్కన కూర్చుంది. దోమతెర నా మొహం మీదికి దిగుతున్నట్టు అనిపించడం గుర్తుంది. ఆ తర్వాతవి అది చెబితే తెలిసినవే. బాపట్లలో మేడ మీద ఆరేసిన బట్టలు తడిసిపోతున్నాయి, తీసుకురమ్మని దాన్ని తిట్టానట. దాని పేరు మర్చిపోయి మా చెల్లెలి పేరుతో పిలిచానట. అది భయపడి, టార్చి పట్టుకుని, వానలో ఒక్కతే వార్డు దాకా పరిగెత్తింది. ఆ దారిలో పాములుంటాయని పగలే పంపేదాన్ని కాదు.

నర్సు, క్లినికల్ ఆఫీసరు వచ్చారు. అక్కడ క్లినికల్ ఆఫీసర్లంటే ఎంబీబీఎస్ చదివినవాళ్ళు కాదు, మూడేళ్ళ డిప్లొమా చేసినవాళ్ళు. పల్లెల్లో ఆసుపత్రులు నడిచేది వాళ్ళ మీదే. ఆయన టార్చి వెలుగులో నా వేలికి సూది గుచ్చి, మలేరియా పరీక్ష పట్టీ మీద చుక్క వేసి, అది తేలే లోపే షుగర్ చూశారట. బాగా పడిపోయింది. గ్లూకోజు ఎక్కాక, లోతు నీళ్ళలోంచి పైకి తేలినట్టు నాకు తెలివి వచ్చింది. నర్సు నా కాళ్ళు పడుతూ "పెపాని, పెపాని" అంటోంది, మనం అయ్యో అన్నట్టు. పట్టీ మీద రెండు గీతలు. ఫాల్సిపారం, మలేరియాల్లో అన్నిటికన్నా ప్రమాదమైనది. వెంటనే మలేరియాకిచ్చే ఆర్టిసునేట్ ఇంజెక్షన్, పన్నెండు గంటల తర్వాత ఒకటి, ఇరవై నాలుగో గంటకు ఇంకొకటి. తర్వాత మూడు రోజులు మాత్రలు.

తెల్లవారుజామున పిల్లల వార్డు వైపు నుంచి ఏడుపు వినిపించింది. అదే జబ్బు. తెచ్చేసరికే బిడ్డకు రక్తం బాగా పడిపోయిందట. దేవుడు నన్ను కాపాడాడని అందరూ ఫోన్లలో అంటుంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఇంట్లో ప్రతి ప్రయాణానికీ ముందు తెగులు నీ దరికి రాదనే బైబిల్ 91వ కీర్తన చదువుతాం. ఆ ఏడుపు విన్నాక అది నోటికి రావడం కష్టంగా ఉంది. అయినా చదువుతున్నాను.

సోమవారం పెద్దాయన వచ్చి "తగ్గిందిగా" అన్నారు, అంతే. దోమలో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ అనే డాక్టరు చూసింది 1897లో మా సికింద్రాబాద్‌లోనే, నిజమే. అంతమాత్రాన మా రక్తంలో రక్షణ ఉంటుందా? చిన్నప్పటి నుంచి మళ్ళీ మళ్ళీ జ్వరం వచ్చినవాళ్ళకు వచ్చే ఓర్పు అది, అదీ ఊరు వదిలి కొన్నేళ్ళు దూరంగా ఉంటే పోతుంది. లండన్‌లో ఉండి సెలవులకు వచ్చిన మలావీ వాళ్ళూ పడిపోతారు.

అటు వెళ్ళేవాళ్ళకు చెబుతున్నాను. ముందు జాగ్రత్త మాత్రలు మేం మానకుండా వేసుకున్నాం, అయినా వచ్చింది. మాత్ర వేసుకుంటున్నాం కదా అని జ్వరాన్ని వదిలేయకండి. తిరిగొచ్చిన కొన్ని నెలల్లో జ్వరం వస్తే ఆఫ్రికా వెళ్ళొచ్చామని మీరే డాక్టరుకు చెప్పండి, ఇక్కడ ముందు డెంగీ అనుకుంటారు. రక్తపరీక్ష ఒకసారి నెగెటివ్ వచ్చినా మర్నాడు మళ్ళీ చేయించండి.

మావారు మళ్ళీ వెళ్దామంటున్నారు. ఆ క్లినికల్ ఆఫీసరు గారి కోసం, ఆ నర్సు కోసం నేనూ వస్తానన్నాను. వానాకాలంలో మాత్రం కాదు. పరీక్ష పట్టీలు ఈసారి నా సంచిలోనే ఉంటాయి, ఎవరినీ అడగను.