ఒకే చిట్టెలుకకు రెండు జబ్బులు: నైతిక సంఘం అనుమతి కోసం నా అనుభవం

ముసలితనంలో మధుమేహం, మోకీళ్ల అరుగుదల ఒకే ఒంట్లో చేరినప్పుడు ఒకదాన్నొకటి ఎలా పెంచుతాయో చిట్టెలుకల్లో పరిశీలించడానికి మా సంస్థలోని జంతు నైతిక సంఘం ఇవ్వవలసిన అనుమతి ఆరు నెలల తరువాత నిన్న చేతికి వచ్చింది. జంతు ప్రయోగాలకు అనుమతి కోరే దరఖాస్తు ఫారం-బి నింపడం, గైడు సంతకం పెట్టడం వారంలో ముగిశాయి.

చిక్కంతా సమావేశంలో వచ్చింది. ఇలాంటి ప్రయోగాలకు మామూలుగా రెండు, మూడు నెలల చిట్టెలుకలను వాడతారు. అంటే కుర్రవాడికి ముసలివాడి జబ్బు తెప్పించి చూడడమన్నమాట. నేను అడిగినవి 18 నెలలవి, మన లెక్కలో యాభై అయిదేళ్లు దాటినవి. ఒక జంతువుకు రెండు బాధలెందుకని ఒక సభ్యుడు అడిగారు. సబబైన ప్రశ్నే కనుక నొప్పి మందుల వివరాలు, బరువు 20 శాతం తగ్గితే ఆ జంతువును ప్రయోగం నుంచి తప్పించే నిబంధన చూపించాను. మన హైదరాబాదులోనే జాతీయ పోషకాహార సంస్థ పెంచిన డబ్ల్యూఎన్‌ఐఎన్/ఓబీ ఎలుకల్లో ఊబకాయంతో పాటు కంటి శుక్లాలు, కణితులు కూడా వస్తాయని గుర్తు చేశాను. ఆ సభ్యుడు వినిపించుకోలేదు. జబ్బు లేనివి, మధుమేహం ఉన్నవి, మోకాలి జబ్బు ఉన్నవి, రెండూ ఉన్నవి అని నాలుగు గుంపులు. గుంపుకు పన్నెండు చాలినా, ముసలి ప్రాణులు ప్రయోగంతో పని లేకుండానే పోతాయి కనుక పదహారు చొప్పున 64 అడిగాను. “అయితే అమ్మా, చచ్చేవాటికి కూడా అనుమతి అడుగుతున్నారన్నమాట” అని ఆయన అనగానే గదంతా నవ్వింది. తోక కొస నుంచి రక్తపు చుక్క తీయడంలో మా ల్యాబులో నన్ను మించినవారు లేరు. ఆ రోజు మాత్రం కాగితం పట్టుకున్న నా చేయి వణికింది.

అన్ని జంతువులు ఎందుకు కావాలో చెప్పే గణాంక నిపుణుడి లేఖ జతచేసి మళ్లీ ఇచ్చిన ఫైలు ఆఫీసులో మూడు నెలలు కదలలేదు. ఆ తరువాత గుమాస్తా ఫారంలో 18 నెలలని, జంతుశాల రిజిస్టరులో 21 అని ఉందంటూ వయసు సవరణకు కొత్త దరఖాస్తు పెట్టమన్నాడు. తన బల్ల మీద ఫైలు పడి ఉంటే ఎలుక వయసు ఆగుతుందనుకున్నాడేమో! మీరు మాత్రం “18 నుంచి 24 నెలలు” అని రాయండి, ఫైలు అందినట్లు తేదీతో ముద్ర వేయించుకోకుండా ఆ గది దాటకండి.

ఈ ఉదయం పెట్టెలు లెక్కపెట్టాను. 64లో 49 మిగిలాయి: గుంపుకు పన్నెండు, పైన ఒకటి.