మూడు గళ్ల నోటుబుక్కు

మా తమ్ముడు ఉండేది ఇంగ్లండులో, కెంట్ వైపు. పోయిన ఆగస్టులో ఒకరోజు వీడియో కాల్ చేస్తే గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదు. వాడూ, వాడి కొడుకూ స్వెట్టర్ల మీద కోట్లు తొడుక్కుని, టోపీలు చెవుల మీదికి లాక్కుని నేల మీద చతికిలబడి ఉన్నారు. ఎదురుగా సముద్రం. ఇసుక మాత్రం చెంచాడు కూడా లేదు, కనుచూపు మేర గులకరాళ్లే. అల వెనక్కి తీసినప్పుడల్లా చాటలో బఠాణీలు చెరిగినట్టు చప్పుడు.

"ఏం చేస్తున్నార్రా అక్కడ?" అన్నాను.

"సముద్రం చూస్తున్నాం అక్కా."

"చూసి?"

"చూడటమే. అంతే."

ఆ చోటు పేరు డంజెనెస్. యూరప్‌లోని పెద్ద గులకరాళ్ల తీరాల్లో అదొకటి. 1952 నుంచి అక్కడ పక్షుల పరిశీలన కేంద్రం ఉంది. పక్కనే అణువిద్యుత్ కేంద్రం. అది నడిచిన రోజుల్లో వదిలిన వేడినీళ్లు సముద్రంలో కలిసే చోట గల్ పక్షులూ టెర్న్‌లూ గుంపులుగా మూగేవట. 2018 నుంచి అది కరెంటు ఇవ్వడం లేదు. అయినా జనం టెలిస్కోపులు పెట్టుకుని కూర్చోవడం మానలేదు. ఎక్కడో దూరంగా గానెట్ అనే తెల్లటి పెద్ద పక్షి రెక్కలు ముడిచి బాణంలా నీళ్లలోకి దూకితే వాళ్లకి ఆ పూట గిట్టుబాటు అయినట్టే. మా మేనల్లుడు ఆ రోజు ఏడు గానెట్లు లెక్కపెట్టాడు.

మా వాడికి పదకొండేళ్లు. ఫోన్‌లోకి తల దూర్చి అంతా చూశాడు. బావ ఏం చేస్తే అది చేయాలి వీడికి. అసలు 'బావ' అంటే ఏమిటో ఆ బావకి తెలియదు, వీణ్ని పేరు పెట్టే పిలుస్తాడు. కాల్ కట్ అయ్యాక మా వాడు అడిగాడు: "అమ్మా, మనకీ సముద్రం ఉంది కదా?"

ఉంది. మా ఇంటి నుంచి బీసెంట్ నగర్ బీచ్ రెండు కిలోమీటర్లు. 14 ఏళ్లుగా చెన్నైలో ఉంటూ నేను అటు వెళ్లింది చుట్టాలు వచ్చినప్పుడే. మాది నరసరావుపేట. మాకు సముద్రమంటే కార్తీక పున్నమికి సూర్యలంకలో మూడు మునకలు, తడిబట్టలతోనే పులిహోర పొట్లం. స్నానం లేకుండా, పుణ్యం లేకుండా ఊరికే సముద్రాన్ని చూడటం మా వంశంలో లేదు.

చలికాలమంతా స్కూలు, పరీక్షలు. ఎట్టకేలకు ఈ మే నెలలో మొదలుపెట్టాం. చెన్నైలో అప్పుడు కత్తిరి వెయిల్ అనే మండుటెండల కాలం నడుస్తూ ఉంటుంది. మన వైపు రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారే, ఇక్కడివాళ్లు అంతకు మూడు వారాల ముందు నుంచే భయపడటం మొదలుపెడతారు. ఎండకి దడిసి పొద్దున్నే ఐదున్నరకే వెళ్లి కూర్చున్నాం. ఐదు ముప్పావుకల్లా సూర్యుడు సరిగ్గా మా కళ్లలోకే లేచాడు. మనది తూర్పు తీరం కదా! పొద్దున పూట సముద్రం మీద ఎగిరేదేదైనా నల్లటి మచ్చలాగే కనిపిస్తుంది. నాలుగు రోజులు నల్లమచ్చలు లెక్కపెట్టాక మా ఆయనకి బుర్ర వెలిగింది. సాయంత్రం వెళితే సూర్యుడు వీపు వెనక ఉంటాడు. పైగా మధ్యాహ్నం దాటాక చెన్నైకి సముద్రం మీది నుంచి గాలి తిరుగుతుంది, దాంతో పక్షులు కూడా ఒడ్డుకి దగ్గరగా వస్తాయి. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని కూర్చోమని మా తమ్ముడు మొదటి రోజే చెప్పాడు. మేం వినలేదు.

అప్పటి నుంచి ఐదింటికి వెళ్లి, ఆరున్నరకి చీకటి పడుతుంటే లేచి రావడం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవలకి వేట నిషేధం. పడవలన్నీ కాశిమేడు రేవులో కట్టేసి ఉంటాయి కాబట్టి దిగంతం ఖాళీగా, తుడిచిన పలకలా ఉంటుంది. అప్పుడప్పుడూ ఒక చిన్న ఫైబర్ పడవ. నిజం చెప్పొద్దూ, సముద్రం చూడటమంటే ముప్పావు వంతు ఏమీ లేనిదాన్ని చూడటమే. మా చిన్నది రెండో రోజుకే ఒప్పుకోనని చెప్పేసి గవ్వలు ఏరుకోవడానికి పోయింది. మా వాడు మాత్రం కదలడు. పసుపుపచ్చ ముక్కు, తల వెనక చెదిరిన నల్లటి జుట్టు ఉన్న పెద్ద టెర్న్ ఒకటి అలల మీద కిందికి చూస్తూ ఎగురుతుంది. ఉన్నట్టుండి ఆగి, తలకిందులుగా పడిపోతుంది. పడినప్పుడు నీళ్లు ఎగరడం కనిపిస్తుంది, చప్పుడు రాదు.

మొదటి వారం వాడికి ఇంకో నిరాశ. పుస్తకంలో ఉన్న పక్షుల్లో సగం లేవు. గోధుమ తల గల్ పక్షులూ, సైబీరియా నుంచి దిగిన ఉల్లంకులూ ఏప్రిల్ కల్లా సర్దుకుని వెళ్లిపోయాయి. వేసవిలో మిగిలేవి ఇక్కడివే. వాటితోపాటు వలస పక్షుల్లో ఏడాది నిండని కుర్రవి కొన్ని వెనక్కి వెళ్లకుండా ఉండిపోతాయి. గూడు కట్టే వయసు రాలేదు కాబట్టి అంత దూరం ఎగరాల్సిన పని లేదు వాటికి. "లీవుల్లో ఊరికి వెళ్లని వాళ్లన్నమాట," అన్నాడు మా వాడు. ఆ ముందు వారమే, ఈ సెలవులకి నరసరావుపేట రానని నాతో యుద్ధం చేసి గెలిచాడు లెండి.

ఇక నోటుబుక్కు సంగతి. వాడు గీత గీసి మూడు గళ్లు పెట్టాడు: ఇంగ్లీషు, తమిళం, తెలుగు. ఇంగ్లీషు గడి ఫోన్‌లోని యాప్ నింపుతుంది. తమిళం గడి వాడే నింపుకుంటాడు. స్కూల్లో రెండో భాష అదే, ఆడుకునేదీ అందులోనే. తెలుగు గడి నాది. కాకి, కొంగ, గద్ద, లకుముకి పిట్ట దాకా దర్జాగా చెప్పాను. ఆ తర్వాత ఖాళీ. ఆ ఖాళీ గళ్లు చూస్తే రోజూ ఒకటే టెన్షన్. వాడి తెలుగు ఎలా ఉంటుందంటే, ఆకలేస్తే "అమ్మా, పసిస్తోంది" అంటాడు, పక్కకి జరగమనాలంటే "కొంచెం తళ్లి కూర్చో" అంటాడు. దిద్దీ దిద్దీ అలిసిపోయాను. ఇప్పుడేమో వాడు తెలుగు మాట అడుగుతుంటే నా దగ్గరే లేదు.

ఒక ఆదివారం కోవలం దాకా వెళ్లాం. కేరళది కాదు, చెన్నై పక్కనున్న కోవలం. చేపలు దింపే చోట ఒకావిడ వల విదిలిస్తోంది. అక్కడికి కొంచెం ఎడంగా, ముట్టుకాడు బ్యాక్‌వాటర్ సముద్రంలో కలిసే వైపు, ఇసుక మీద పిడికెడంత పిట్టలు పరిగెడుతున్నాయి. నాలుగు అడుగులు గబగబా, టక్కున ఆగడం, మళ్లీ నాలుగు అడుగులు. ఆగితే ఇసుకా పిట్టా ఒకటే రంగు. నేను నా తమిళంలో ఆవిణ్ని పేరు అడిగాను. ఆవిడకి అర్థం కాలేదు. మా వాడు నా మాటని తమిళం నుంచి తమిళంలోకి అనువదించాడు. "ఉప్పుక్కొత్తి," అంది ఆవిడ. ఉప్పును పొడిచేది. ఉప్పునేలల్లో తిరుగుతుంది కాబట్టి కాబోలు. ఎంత బాగుందో పేరు! ఈర్ష్య కూడా వేసింది.

ఆ రోజు మా అత్తయ్య కూడా వచ్చారు. ఆవిడది వేటపాలెం. బ్యాక్‌వాటర్ గట్టు పక్కన బీడులోంచి ఒక పక్షి అరుస్తూ లేచింది. కళ్ల ముందు ఎర్రటి తోలు, పొడుగాటి పసుపు కాళ్లు. మా నెత్తి మీదికి దూసుకొచ్చి పక్కకి తిరిగి మళ్లీ వచ్చింది. అత్తయ్య ఠక్కున ఆగిపోయారు. "తీతువు కూస్తోందమ్మాయ్. వెనక్కి పోదాం పద."

"నానమ్మా, అది ఆళ్కాట్టి," అన్నాడు మా వాడు. తమిళంలో ఆ మాటకి మనిషిని చూపించేది అని అర్థం. ఎవరైనా వస్తుంటే అరిచి చెబుతుంది. ఇంగ్లీషువాళ్లకి అదే అరుపు 'డిడ్ హీ డూ ఇట్' అని ప్రశ్నలా వినిపిస్తుంది. వాడికి యాప్ చెప్పింది. ఒకే గొంతు, మూడు గళ్లు. మన గడిలో మాత్రం చావుకబురు. మా చిన్నప్పుడు రాత్రి తీతువు అరిస్తే మా అమ్మ లైటు వేసి, ఎవరికి ఒంట్లో బాగాలేదో పేరుపేరునా తలుచుకునేది.

వాడు నన్ను అడిగాడు: "మనదే ఎందుకమ్మా చెడ్డ మాట?"

నాకు జవాబు తోచలేదు. అత్తయ్యకి కోపం వచ్చింది, వాడి మీద కాదు, నా మీద. పిల్లాడికి తీతువు కథ చెప్పలేదా ఇన్నాళ్లూ అని. అక్కడే గట్టు మీద కూర్చుని మొదలుపెట్టారు. పంచతంత్రంలోని టిట్టిభం అంటే ఈ తీతువే. సముద్రం ఒడ్డున గుడ్లు పెడదామంటాడు మగడు. వద్దయ్యా, అల వచ్చి తీసుకుపోతుంది అంటుంది భార్య. సముద్రానికి అంత ధైర్యమా అంటాడు వాడు. సముద్రం ఆ మాట విని, వీడి సంగతేమిటో చూద్దామని గుడ్లు లాగేసుకుంది. పిట్ట ఏడుస్తూ కూర్చోలేదు. పక్షులన్నిటినీ పోగేసి గరుత్మంతుడి దగ్గరికి పోయింది. ఆయన విష్ణుమూర్తితో చెప్పాడు. ఆయన అస్త్రం ఎక్కుపెట్టేసరికి సముద్రం నోరు మూసుకుని గుడ్లు తెచ్చి ఇచ్చింది.

ఆవిడ చెబుతుండగానే చేపలు దింపే చోటి పైన తెల్లటి తల, ఇటుకరంగు రెక్కల గద్ద ఒకటి గుండ్రంగా తిరుగుతోంది. అత్తయ్య కథ ఆపి చెంపలు వేసుకున్నారు. వల విదిలించే ఆవిడా అటే చూసి చెంపలు వేసుకుంది. ఇద్దరికీ అది గరుడ పక్షే. మా వాడు ఇద్దర్నీ చూసి, బైనాక్యులర్ పక్కన పెట్టి తనూ వేసుకున్నాడు, కొంచెం సిగ్గుపడుతూ.

నాకైతే ఇంకో సంగతి తట్టింది. ఆ పక్షి అంతగా మీదికి వస్తోందంటే బీడులో ఎక్కడో గుడ్లు ఉండే ఉంటాయి. తీతువు గూడు కట్టదు, నేల మీద చిన్న గుంట చేసుకుని పెడుతుంది. గుడ్లు మట్టి రంగులో మచ్చలతో ఉంటాయి, పక్కన నిలబడ్డా కనపడవు. ఆ ఎండలో తల్లి లేస్తే గుడ్లు ఉడికిపోతాయి. అందుకని గట్టు దిగి, చుట్టూ తిరిగి ఇసుకలోంచి కారు దగ్గరికి వచ్చాం. చివరికి అత్తయ్య అన్నట్టే వెనక్కి వచ్చాం అన్నమాట. ఆవిడ ఆ మాట రెండుసార్లు గుర్తుచేశారు.

రాత్రి ఉప్పుక్కొత్తి ఫోటోలు బావకి పంపాడు. వాడు వెంటనే ఫోన్ చేశాడు. అది కెంటిష్ ప్లవర్, మా కెంట్ పేరే దానికి పెట్టారు అని. నిజమే, 1801లో దానికి ఆ పేరు వచ్చింది కెంట్‌లో దొరికిన పక్షుల వల్లే. డంజెనెస్ గులకరాళ్ల మధ్య ఒకప్పుడు గుడ్లు పెట్టేది కూడా. ఇప్పుడు ఇంగ్లండులో దాదాపుగా పెట్టడం లేదు. మా వాడు ఇంతా విని, నీది పాత పేరు అన్నాడు. దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ ఏడాది పొడుగునా ఉండి, ఇక్కడే పిల్లల్ని చేసే పిట్టలు వేరే జాతి అని 2023లో తేల్చారు. దానికి పెట్టిన పేరు హనుమాన్ ప్లవర్. లంకకీ మనకీ మధ్య వారధి ఉంది కదా, అందుకని.

అటు నుంచి బావ "హూ ఈజ్ హనుమాన్?" అన్నాడు. మా తమ్ముడు వెనక ఎక్కడో తల పట్టుకున్న చప్పుడు వినిపించినట్టే అనిపించింది నాకు.

అత్తయ్య మాత్రం పేరు విని సంబరపడ్డారు. సముద్రం దాటినవాడి పేరు పెట్టారు, బాగుంది అని. "కానీ నానమ్మా, ఇది దాటదు. ఎక్కడికీ పోదు, ఇక్కడే ఉంటుంది. దాటి వచ్చేది కెంటిష్," అన్నాడు వాడు. ఆవిడ కొంచెంసేపు ఆలోచించి, ఆంజనేయస్వామి కూడా పని అయ్యాక ఇంటికి వచ్చేశాడు కదరా అన్నారు.

తెలుగు గడి ఇంకా ఖాళీ. 'హనుమంతుడి పిట్ట' అని రాస్తానన్నాడు. అలా మనం పుట్టించకూడదు, జనం అనే మాట కావాలి అన్నాను. అత్తయ్య 'చిన్న ఉల్లంకి' అని రాయమన్నారు. వాళ్ల వైపు నీళ్ల ఒడ్డున పరిగెత్తే చిన్న పిట్టలన్నీ ఉల్లంకులేనట. వాడు రాశాడు, 'ఉళ్లంకి' అని. ఇదేమిట్రా, 'ల' కదా అంటే, తమిళంలో 'ఉళ్ళాన్'కి ళ ఉందన్నాడు. రెండూ ఒకే మాటలా ఉన్నాయి, మనదే తప్పేమో అని కూడా అన్నాడు. నాకూ అనుమానం వచ్చింది. తెలుగు మాస్టారుగా రిటైరైన మా నాన్నకి నరసరావుపేట ఫోన్ చేసి, స్పీకర్ ఆన్ చేశాను.

"నాన్నా, ఉల్లంకి పిట్ట రాసేటప్పుడు లకారమా, ళకారమా?"

అటు వైపు ఒక్క క్షణం ఆగి, "ఉల్లంకి పిట్టలా? చిన్నప్పుడు వేపుడు తిన్నాం గానీ ఎప్పుడూ రాయలేదమ్మా," అన్నాడు మా నాన్న. "ఏం, అక్కడ దొరుకుతున్నాయా?"

"తాతయ్యా!" అని అరిచాడు మా వాడు.