ఇంజన్ని బండికి మప్పడం

పోయిన శనివారం థండర్‌హిల్ రేస్ ట్రాక్‌లో రెండో మలుపు మొత్తం తిరిగి బయటికొచ్చేదాకా నా కారు ఇంజన్లో ఆయిల్ ప్రెషర్ 60 పీఎస్‌ఐ కిందికి దిగలేదు. ఒక సెషన్‌లో ఎనిమిది ల్యాపులు తిరిగితే ఎనిమిదిసార్లూ అంతే. పిట్‌లోకి వచ్చాక హెల్మెట్ కూడా తియ్యకుండా లాప్‌టాప్ తగిలించి గ్రాఫ్ చూశాను. మలుపు ఉన్నచోట ఇదివరకు గుంట పడే గీత ఇప్పుడు తిన్నగా ఉంది. ఆ గీత కోసం పద్నాలుగు నెలలు కష్టపడ్డాను. అందుకే ఈసారి పోస్టు కాస్త పెద్దదే.

ఈ కారు గురించి మొదటిసారి చదువుతున్నవాళ్ళ కోసం: ఇది 2002 మజ్దా మియాటా. రెండే సీట్లు, టాపు తెరుచుకునే చిన్న స్పోర్ట్స్ కారు, వెనక చక్రాలతో నడుస్తుంది. దాని సొంత ఇంజన్ 1.8 లీటర్లది, 142 హార్స్‌పవర్. ఇప్పుడు అందులో ఉన్నది 2006 అక్యూరా టీఎస్‌ఎక్స్ నుంచి తీసిన హోండా కే24ఏ2, 2.4 లీటర్లు, 205 హార్స్‌పవర్. పాత ఇంజన్ బ్లాకు పోత ఇనుము, హోండాది అల్యూమినియం. అందుకని ఇంజన్ పెద్దదైనా ముందు భాగం బరువెక్కలేదు. చాలామంది మియాటాలో ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్ పెడతారు, అవి దూసుకుపోతాయి కూడా. నాకు మాత్రం స్టీరింగ్ ఇలా అనగానే ముక్కు అలా తిరిగే గుణం పోకూడదు. ఆ గుణం కోసమే ఈ కారు కొన్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. హోండా పాత ఇంజన్లు చాలావరకు మిగతా కంపెనీల ఇంజన్లకి ఎదురు దిక్కులో తిరిగేవి. కే సిరీస్ నుంచి అందరిలాగే తిరగడం మొదలైంది. కాబట్టి ముందు చక్రాలతో నడిచే కారు కోసం, అడ్డంగా కూర్చునేలా చేసిన ఈ ఇంజన్ని కారు పొడుగు దిక్కుకి తిప్పి, మధ్యలో ఒక అడాప్టర్ ప్లేటు పెట్టి, మియాటా ఆరు గేర్ల బాక్సుకే బిగించొచ్చు. ఇంజన్ ఎదురు తిరిగితే ముందుకి వెళ్ళే గేర్లన్నీ వెనక్కి వెళ్తాయి కదా.

మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు ఉండేది. నా చిన్నప్పుడు అక్కడికి పెట్రోలు అంబాసిడర్లు వచ్చి డీజిల్ బళ్ళుగా మారి వెళ్ళేవి. పెట్రోలు ఖర్చు తట్టుకోలేక టాక్సీవాళ్ళు మాటడార్ వ్యాను డీజిల్ ఇంజన్ ఎక్కించుకునేవాళ్ళు. బడి వదిలాక నేను ఆ షెడ్డులోనే స్టూలు మీద కూర్చుని హోమ్‌వర్క్ చేసుకునేదాన్ని. చైన్ బ్లాక్‌కి వేలాడుతూ ఇంజన్ మెల్లగా బానెట్ లోపలికి దిగుతుంటే పుస్తకం మూసేసి అదే చూస్తుండేదాన్ని. నాన్న అప్పుడు పనివాళ్ళతో ఒక మాట అనేవారు: "ఎక్కించడం రెండు రోజుల పనిరా, బండికి మప్పడానికి రెండు నెలలు పడుతుంది." ఇక్కడ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో నా గరాజ్‌లో ఆ లెక్క రెండేళ్ళయింది.

ఎక్కించడం గురించి ఎక్కువ రాయను. ఈ మార్పిడి కోసమే అమ్మే కేమియాటా కిట్‌లో అడాప్టర్ ప్లేటు, ఇంజన్ని కారుకి పట్టి ఉంచే ఫౌండేషన్లు, ఇంజన్ అడుగున ఆయిల్ నిలవుండే ఛాంబర్ అన్నీ వస్తాయి. ఇంజన్ని నడిపే కంప్యూటర్ హోండాటా కేప్రో. టీఎస్‌ఎక్స్ ఆయిల్ పంపుతో పాటు ఇంజన్ వణుకు తగ్గించే బాలెన్స్ షాఫ్టులు ఉంటాయి, ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో అవి వద్దని వాటిని తీసేసి అక్యూరాదే ఇంకో కారు, ఆర్‌ఎస్‌ఎక్స్ టైప్-ఎస్ పంపు పెట్టాను. ఎనిమిది వారాంతాలు పట్టింది. ఎనిమిదో ఆదివారం సాయంత్రం ఇంజన్ స్టార్టయింది.

ఈ కారు రోడ్డు మీద తిరగదు. కాలిఫోర్నియాలో ఇంజన్ మారిస్తే, కొత్తగా పెట్టిన ఇంజన్ కారు కన్నా పాతది కాకూడదు, పొగ తగ్గించే సామాను మొత్తం దానితో పాటే రావాలి, ప్రభుత్వం తరఫున పొగ తనిఖీ చేసే రెఫరీ దగ్గర చూపించుకోవాలి. నా ఇంజన్ సంవత్సరం సరిపోతుంది గానీ ఆ సామానంతా నేను పెట్టలేదు. ట్రాక్ కోసమే అని ముందే నిర్ణయించుకున్నాను కాబట్టి ట్రైలర్ మీదే తీసుకెళ్తాను.

మొదటిసారి థండర్‌హిల్ తీసుకెళ్ళినప్పుడు మెయిన్ స్ట్రెయిట్‌లో 90 మైళ్ళు దాటగానే వణుకు మొదలైంది. అద్దం కదిలిపోయి వెనక వచ్చే కారు రెండుగా కనబడింది. చక్రాల బాలెన్స్ చూశాను, బాగానే ఉంది. ఫౌండేషన్లు గట్టివి కావడం వల్లేమో అనుకుని మెత్తటివి మార్చాను. తేడా లేదు. ఆ రాత్రి నాన్నకి వాట్సాప్‌లో ఫోన్ చేశాను.

"అదే స్పీడులో న్యూట్రల్‌లో వదిలేస్తే కూడా వణుకుతోందా అమ్మలూ?"

"చూడలేదు నాన్నా."

"చూడు. న్యూట్రల్‌లో కూడా ఉంటే ఇంజన్ తప్పు కాదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ వంకరగా కూర్చుంది. మాటడార్ ఇంజన్లు పెట్టిన కొత్తలో మాకూ ఇదే. గేర్‌బాక్సు తోక కిందికి జారితే బండి అరవై దగ్గర ఊగేది."

తర్వాతి ట్రాక్ డేకి (మామూలు జనం తమ కార్లు ట్రాక్ మీద నడిపే రోజు) న్యూట్రల్‌లో వదిలి చూశాను. వణుకు అలాగే ఉంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటే గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాల వైపుకి శక్తి తీసుకెళ్ళే కడ్డీ, గేర్‌బాక్సు తోక ఎత్తు తప్పితే అది వంకరవుతుంది. మియాటాలో గేర్‌బాక్సుని, వెనక డిఫరెన్షియల్‌ని కలుపుతూ ఒక పొడుగాటి అల్యూమినియం ఫ్రేము ఉంటుంది. దాని బోల్టులు బిగించే ముందు గేర్‌బాక్సు తోకని జాకీతో సరైన ఎత్తుకి లేపాలి, ఆ కొలత మాన్యువల్‌లో ఉంది. నేను ఇంజన్ ఎక్కించిన ఉత్సాహంలో ఆ పేజీ చదవకుండా, తోక ఎలా వేలాడుతుందో అలాగే బిగించేశాను. బోల్టులు వదులు చేసి, జాకీ లేపి, కొలిచి, మళ్ళీ బిగించడానికి నలభై నిమిషాలు పట్టింది. వణుకు పూర్తిగా పోయింది. పదమూడు వేల కిలోమీటర్ల దూరం నుంచి, కారుని కళ్ళతో చూడకుండా, మజ్దా అనే బండి మీద ఎప్పుడూ చెయ్యి వెయ్యకుండా నాన్న చెప్పారు. అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

తర్వాత చప్పుడు. లాగూనా సేకా అనే ఇంకో ట్రాక్ చుట్టుపక్కల ఇళ్ళున్నాయి, అందుకని ట్రాక్ డేల్లో శబ్దానికి పరిమితి ఉంటుంది. నేను వెళ్ళిన రోజు 90 డెసిబెల్స్. ట్రాక్ పక్కన బూత్‌లో మైకు పెట్టి ప్రతి కారునీ కొలుస్తారు. ఈ ఇంజన్ 6,000 ఆర్‌పీఎమ్ దగ్గర వీటెక్ (వాల్వులు ఇంకా ఎక్కువ తెరిచే ఏర్పాటు) మారినప్పుడు గొంతు మారుతుంది, అప్పటిదాకా గుర్రుమన్నది ఒక్కసారిగా కేక వేస్తుంది. నాకు ఆ కేక ప్రాణం. మూడో ల్యాపులో నల్ల జెండా చూపించారు, అంటే పిట్‌లోకి రమ్మని: 92.4. ఇంకోసారి దాటితే ఇంటికే అన్నారు. మిగతా రోజంతా బూత్ ముందు యాక్సిలరేటర్ మీద కాలు తీసి దాటాను. ఆ ట్రాక్ మీద కాలు తియ్యడం నాకు చాలా బాధనిపించింది. కార్క్‌స్క్రూ మలుపు అక్కడే ఉంది, కొండ అంచు నుంచి 18 మీటర్లు కిందికి జారిపోతాం, దిగబోయే ముందు ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ కనబడదు. దాన్ని ఒక ఊపులో చెయ్యాలంటే అంతకు ముందు ల్యాపంతా ఊపు ఉండాలి.

ఇంటికొచ్చి సైలెన్సర్ ముందు చప్పుడు తగ్గించే ఒక రెజొనేటర్ పెట్టాను, పైపు చివర బూత్ లేని వైపుకి, నేలకేసి వంచాను. తర్వాతిసారి 88.6 వచ్చింది. లోపల కూర్చున్న నాకు కేక మాత్రం అలాగే వినబడుతోంది.

ఇక ఆయిల్ కథ. థండర్‌హిల్ రెండో మలుపు ఎడమకి తిరిగే పెద్ద అర్ధచంద్రం. చాలాసేపు ఒకే పక్కకి ఒరిగి ఉంటాం. కారు ఎడమకి తిరుగుతుంటే ఛాంబర్‌లోని ఆయిల్ కుడి గోడ ఎక్కుతుంది. పంపు నోరు తేలిపోతే ఆయిల్ బదులు గాలి పీల్చుకుంటుంది. అలా రెండు మూడు సెకన్లు చాలు, బేరింగులు పోతాయి. మొదటిసారి లాగర్ (రీడింగులు రికార్డు చేసే పరికరం) పెట్టి చూసినప్పుడు మలుపు మొదలైన మూడో సెకనుకి గీత 65 నుంచి 25కి పడింది. గుండె ఝల్లుమంది. ఆ రోజు మిగతా సెషన్లు మానేసి కారు ట్రైలర్ ఎక్కించేశాను.

మొదట సెన్సర్ అబద్ధం చెబుతోందేమో అని కొత్తది పెట్టాను. అదే గుంట. అర లీటరు ఆయిల్ ఎక్కువ పోశాను. గుంట కాస్త పూడింది గానీ, ఎక్కువైన ఆయిల్ ఇంజన్ గాలి వదిలే బ్రీదర్ పైపులోంచి, కారిన ఆయిల్ పట్టే క్యాచ్ క్యాన్‌లోకి వచ్చేసింది. తర్వాత అక్యూసంప్ కొన్నాను. అదొక సిలిండరు, లోపల ఒక పక్క ఆయిల్, ఇంకో పక్క ఒత్తిపెట్టిన గాలి, మధ్యలో పిస్టన్. ప్రెషర్ పడగానే గాలి నెట్టి ఆయిల్ని ఇంజన్లోకి పంపిస్తుంది. గీత 40 దగ్గర ఆగింది. చాలామంది అక్కడితో సరిపెట్టుకుంటారు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. జ్వరానికి మాత్ర వేసినట్టే ఉంది, జ్వరం ఎందుకొచ్చిందో తెలియలేదు.

ప్రతి ట్రాక్ డే తర్వాత ఆయిల్ ఫిల్టరు కోసి చూసేదాన్ని. లోపలి మడతల కాగితం విప్పి, పాత న్యూస్‌పేపర్ మీద పరిచి, టార్చిలైటు ఏటవాలుగా పట్టుకుని చూడాలి. ఈ బేరింగుల లోహం అయస్కాంతానికి అంటదు, కంటితోనే వెతకాలి. మెరుపులు కనబడితే ఇంజన్ కథ ముగిసినట్టే. నాలుగుసార్లు చూశాను, ఒక్క మెరుపూ లేదు. ఐదోసారి ఒకే ఒక్క అల్యూమినియం నలుసు కనబడింది. మెరిసే పొడి కాదది, మెలితిరిగిన సన్నటి ముక్క. బేరింగు అరిగితే అలా రాదు. డ్రిల్లు వేస్తే వస్తుంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆయిల్ టెంపరేచర్ సెన్సర్ కోసం ఛాంబర్‌కి నేనే చిల్లు వేశాను, మర పోశాను, కిరోసిన్‌తో కడిగాను, శుభ్రంగా ఉందనుకున్నాను.

ఛాంబర్ దింపాను. లోపల పంపు నోటి చుట్టూ రేకుల గది ఉంటుంది, దానికి చిన్న తలుపులు. ఆయిల్ లోపలికి రావడానికి తలుపు తెరుచుకుంటుంది, బయటికి పోబోతే మూసుకుంటుంది. అన్ని తలుపులూ వేలితో తోసి చూశాను. కుడి వైపు తలుపు మూసుకోవడం లేదు. దాని కీలులో బియ్యపు గింజంత అల్యూమినియం చుట్ట ఇరుక్కుని ఉంది. కాబట్టి ఎడమ మలుపులో ఆయిలంతా ఆ తెరిచిన తలుపులోంచి బయటికి పోతోంది. కుడి మలుపుల్లో గీత ఎప్పుడూ ఎందుకు పడలేదో కూడా అప్పుడు అర్థమైంది. పట్టకారుతో ఆ చుట్ట తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడది చిన్న సీసాలో పనిముట్ల అలమారా మీద ఉంది.

అన్ని కీళ్ళూ తీసి, మళ్ళీ కడిగి, గాలి కొట్టి, తలుపులు ఒక్కొక్కటీ పదేసిసార్లు ఆడించి చూశాకే ఛాంబర్ బిగించాను. బోల్టుల తలల మీద పసుపు పెయింటుతో గీతలు పెట్టాను, వదులైతే గీత విరిగి దూరం నుంచే కనబడుతుంది. అక్యూసంప్ తీసెయ్యలేదు, ఉండనిచ్చాను.

మిగతావి చిన్న పనులే. థండర్‌హిల్ ఉన్న విల్లోస్ ఊళ్ళో వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది, అందుకని రేడియేటర్ చుట్టూ సందులన్నీ రేకు, ఫోమ్ పెట్టి మూసేశాను. గాలికి పక్క దారి దొరికితే రేడియేటర్ లోంచి వెళ్ళదు. ముందు అట్టముక్కతో కొలత తీసి, తర్వాత రేకు కోశాను. అట్ట ఖరీదు సున్నా, దాంతో ఎన్నిసార్లయినా తప్పు చెయ్యొచ్చు. బ్రేకు ఆయిల్ ఒకసారి మరిగి పెడల్ మెత్తబడింది, ఇప్పుడు ప్రతి రెండు ట్రాక్ డేలకీ మారుస్తున్నాను. టైర్లు 225/45ఆర్15. ముందు చక్రాల పైభాగాన్ని మూడు డిగ్రీలు లోపలికి వంచాక బయటి అంచులు అరగడం తగ్గింది.

పాత ఇంజన్‌తో థండర్‌హిల్ మూడు మైళ్ళ ట్రాక్‌లో నా టైము 2:17. కొత్త ఇంజన్‌తో మొదటి ఏడాది 2:09. శనివారం 2:05.4. ఇందులో ఆఖరి మూడు సెకన్లు ఇంజన్‌వి కావని నా నమ్మకం. రెండో మలుపులో గేజీ మీద కాకుండా రోడ్డు మీద చూపు పెట్టి, యాక్సిలరేటర్ తొక్కి పట్టుకోగలిగాను కాబట్టి వచ్చాయి.

సాయంత్రం ట్రైలర్ తాళ్ళు బిగించాక గ్రాఫ్ స్క్రీన్‌షాట్ నాన్నకి పంపాను. బెజవాడలో అప్పుడు ఆదివారం తెల్లవారుజాము, అయినా రెండు నిమిషాల్లో జవాబొచ్చింది.

"గీత బాగుంది. ఆ తలుపు కీలు ఫోటో పంపలేదేం? ఏ గేజి రేకు అది?"

ఫోటోలు తీసినవి పదకొండున్నాయి. అన్నీ పంపించాను.