బంగారుపాళ్యం దాటాక, సగం వాడిన చేను

తిరుపతి నుంచి చిత్తూరు దాకా దారి అందరికీ తెలిసిందే. బంగారుపాళ్యం దాటి బస్సు మొగిలి వైపు పోతుంటే కిటికీలోంచి ఒక ఏటవాలు చేను కనిపించింది. ఒకే గెనిమల మధ్య ఒకే చెనిక్కాయ పైరు. పై సగం ఆకులు ముడుచుకుని బూడిద రంగుకు తిరిగింది. కింది సగం పచ్చగా ఉంది. నడుమ గీత గీసినంత స్పష్టంగా తేడా. ఆగస్టు చివరి వారం, వాన పడి పన్నెండు రోజులు. మొగిలిలో దిగి ఆటోలో వెనక్కి వచ్చాను. నాలుగు కిలోమీటర్లకు మూడు వందలు! తిరుపతి నుంచి మొగిలికి బస్సు టికెట్టు కూడా అంత కాలేదు.

చేలో ఒక అవ్వ గడ్డి కోస్తోంది. పై ముక్క ఎందుకు వాడిందని అడిగితే తల ఎత్తకుండానే చెప్పింది: "అది గరుసు నాయనా. పది దినాలు వాన లేకుంటే తాళదు. కిందది తాళతాది." ఒక్కో ముక్కలో ఒక మూల చిన్న గుంత తవ్వుకోవచ్చా అంటే గడ్డపార, పార, తట్ట తెచ్చిచ్చింది. ఇంట్లోంచి భూసార కార్డు కూడా పట్టుకొచ్చింది. రెండు ముక్కలకూ కలిపి ఒకటే కార్డు. ఉదజని సూచిక (పీహెచ్) 6.7, సేంద్రియ కర్బనం తక్కువ, నత్రజని తక్కువ. అందులోని 12 అంశాల్లో నేల లోతు లేదు. మట్టి తీసేది పై 15 సెంటీమీటర్లలోనే కాబట్టి ఉండే వీలూ లేదు. ఆ 15 సెంటీమీటర్లు పైనా కిందా దాదాపు ఒకటే. పైరు సగం వాడడానికి కారణం ఆ కిందుంది. ఎర్ర నేల అనే ఒక్క మాటతో జిల్లా మెట్టంతా చుట్టేస్తే ఇలాంటి చేను అర్థం కాదు.

పలమనేరులో చూడాల్సిన చేను వేరే ఉంది కాబట్టి మట్టి రంగు సరిపోల్చే మున్సెల్ పుస్తకం, పదింతలు చూపే భూతద్దం సంచిలోనే ఉన్నాయి. గుంత మీటరు పొడవు, రెండడుగుల వెడల్పు. చదవాల్సిన గోడ మీద ఎండ పడేలా దిశ చూసుకోవాలి. చెట్టు నీడ, చెదల పుట్ట, పాత పెంటదిబ్బ ఉన్న చోటు పనికిరాదు. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఇంకో పక్క పోయాలి, పూడ్చేటప్పుడు అదే వరుసలో తిరిగి వేయాలి. కలిపి పూడిస్తే ఆ మూల పైరు సరిగ్గా రాదు. బెట్టకు నేల బిగిసి ఉంటే రెండు బిందెల నీళ్లు పోసి అరగంట ఆగాలి.

పై ముక్కలో 14 సెంటీమీటర్ల వరకు ఇసుక గరప, అంటే ఇసుక పాలు ఎక్కువున్న మట్టి. తడి మట్టిని బొటనవేలితో చూపుడువేలి మీదుగా నెడితే రిబ్బను రెండు సెంటీమీటర్లు రాకముందే తెగింది. రిబ్బను ఎంత పొడవు వస్తే బంక అంత ఎక్కువ. దాని కింద 36 దాకా గరుసు, సగానికి సగం రాళ్లు. రిబ్బను కాస్త పొడవు వచ్చింది, అంతే. ఆ తర్వాత నైస్ అనే రాయి, కుళ్లి మెత్తబడింది. గడ్డపార దిగింది కానీ మట్టిలా విడిపోలేదు. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మట్టి పెళ్లల మీద తళతళ కనిపిస్తే బంకమట్టి పూత అనుకుంటారు. నైస్ నుంచి పుట్టిన మట్టిలో అభ్రకం రేకులు అలాగే మెరుస్తాయి. భూతద్దం కింద అభ్రకం చదునైన తునకలుగా, విడివిడిగా కనిపిస్తుంది. బంకపూత మైనంలా పెళ్ల ముఖమంతా పరుచుకుని, రంధ్రాల లోపలికీ పోతుంది. ఈ గుంతలో ఉన్నదంతా అభ్రకమే.

కింది ముక్క గుంత అరవై అడుగుల దూరంలోనే. 18 దాకా ఇసుక గరప. 18 నుంచి 42 దాకా గరగరలాడే బంక గరప, రిబ్బను నాలుగు సెంటీమీటర్లు. 42 నుంచి 88 దాకా ఇసుక బంకమట్టి, రిబ్బను ఆరు దాటింది. పెళ్లల మీద, వేళ్ల దారుల్లో నిజమైన బంకపూత. వాన నీటితో పాటు సన్నని బంక వేల ఏళ్లుగా పైపొర నుంచి దిగి అక్కడ పేరుకుంది. దీన్నే ఆర్జిల్లిక్ పొర అంటారు. ఆ పేరు రావాలంటే, పైపొరలో బంక 15 నుంచి 40 శాతం మధ్య ఉన్నప్పుడు కింది పొరలో కనీసం 1.2 రెట్లు ఉండాలి. 15 కంటే తక్కువుంటే కనీసం 3 శాతం ఎక్కువ కావాలి. చేత్తో చూసింది అంచనాయే, ఖాయం చేసేది ప్రయోగశాల. అక్కడా ఎర్ర నేలతో చిక్కుంది. ఇనుప ఆక్సైడ్లు బంక రేణువుల్ని అతికించి ఉంచుతాయి. హెక్సామెటాఫాస్ఫేటు అనే రసాయనంతో పూర్తిగా విడదీయకపోతే బంక తక్కువగా లెక్కకొస్తుంది, ఆర్జిల్లిక్ పొర కాగితం మీద మాయమవుతుంది.

పేరు దగ్గరికొద్దాం. నాగపూర్‌లోని జాతీయ నేల సర్వే సంస్థ పటాలు అమెరికా వ్యవసాయ శాఖ 1975లో మొదట అచ్చువేసి, తర్వాత సవరిస్తూ వచ్చిన వర్గీకరణను అనుసరిస్తాయి. కింది గుంతకు ఆర్జిల్లిక్ పొర ఉంది, క్షారాల సంతృప్తి (మట్టి పట్టి ఉంచే కాల్షియం లాంటి వాటి వాటా) 35 శాతానికి తగ్గదని ఉదజని సూచికను బట్టి ఊహించవచ్చు. కాబట్టి ఆల్ఫిసాల్ అనే తరగతి. నేల ఏడాదిలో మొత్తం 90 రోజులకు పైగా ఎండుతుంది, అయినా వరుసగా 90 రోజులైనా తడి ఉంటుంది. నైరుతి, ఈశాన్యం రెండూ తడిపే ఈ సీమకు సరిగ్గా సరిపోయే ఈ లక్షణాన్ని ఉస్టిక్ అంటారు. అలా ఉస్టాల్ఫ్ అయింది. ఇక రంగు. తడిపినప్పుడు 2.5 వైఆర్ 3/6, ఆరినప్పుడు 4/6. గులాబీ అనే గ్రీకు మాటతో రోడస్టాల్ఫ్ అనాలంటే ఎరుపు ఒక్కటీ చాలదు. తడి మట్టి ముదురుదనం సంఖ్య (గీతకు ముందున్నది, తగ్గేకొద్దీ ముదురు) 3 దాటకూడదు, ఎండితే ఒక మెట్టుకు మించి తేలకూడదు. ఇది నెగ్గింది. ఇంతే ఎర్రగా ఉండి తడిలో 4 చూపితే హాప్లస్టాల్ఫ్ అయ్యేది. సాయంత్రం ఎర్ర వెలుగులోనో, చలువ అద్దాలు పెట్టుకునో రంగు చదివితే ఇక్కడే పేరు తప్పుతుంది.

పై గుంతకు ఆర్జిల్లిక్ పొర లేదు. నిర్మాణం మారిన 22 సెంటీమీటర్ల కేంబిక్ పొర మాత్రం ఉంది. అది ఇన్సెప్టిసాల్ అనే వేరే తరగతి, అందులో హాప్లస్టెప్ట్. 36 దగ్గరే రాయి తగిలింది కదా, లిథిక్ అనొచ్చు కదా అంటారు. గడ్డపార దిగేంత మెత్తబడిన రాయి లిథిక్ కాదు, పారాలిథిక్. గడ్డపార ఖంగుమని మోగి వెనక్కి తన్నాలి, అప్పుడే లిథిక్. కాబట్టి లోతు తక్కువనే సంగతి పేరులో చివర, కుటుంబం స్థాయిలో మాత్రమే వస్తుంది. రైతుకు అన్నిటికంటే ముందు కావాల్సింది అదే. అవ్వ "గరుసు" అన్నప్పుడు ఆ లోతునే మొదట చెప్పింది. ఆ మాటను పటం మీద కూడా అంత ముందు వేయాలని నా కోరిక.

పై ముక్కలో రాళ్లు పోగా మట్టి 25 సెంటీమీటర్లకు మించదు. సెంటీమీటరుకు 1.2 మిల్లీమీటర్ల చొప్పున 30 మిల్లీమీటర్ల నీరు. అందులో పైరు ఇబ్బంది పడకుండా తీసుకోగలిగేది సగం. ఊడలు దిగే దశలో చెనిక్కాయ రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లు తాగుతుంది. అంటే మూడు, నాలుగు రోజులు. కింది ముక్కలో 88 సెంటీమీటర్లకు సుమారు 106, సగం 53. పన్నెండో రోజుకు పచ్చగా ఉండడానికి లెక్క అదే.

మా నంద్యాల రేగడిలో ఇంత శ్రమ అక్కర్లేదు. వేసవిలో పడిన బీటలో కట్టె దింపితే లోతు తెలుస్తుంది. ఇక్కడి ఎర్ర నేల బీటలు వారదు. వాన దెబ్బకు పైన మూడు నాలుగు మిల్లీమీటర్ల పెచ్చు కట్టి మూసుకుపోతుంది. విత్తిన వారంలో ఆ పెచ్చు గట్టిపడితే మొలక కిందే వంగిపోతుంది. సగం ఆరినప్పుడే గుంటక పైపైన తోలాలి.

గుంతలు పూడుస్తుంటే అవ్వ జిప్సం మూటలు చూపింది. ఎకరాకు 200 కిలోలు అంతటా చల్లాలనుకుంటోంది. జిప్సం ఇచ్చే కాల్షియాన్ని కాయ వేళ్ల నుంచి కాకుండా చుట్టూ ఉన్న మట్టి నుంచే పీల్చుకుంటుంది, దానికి తడి కావాలి. కింది ముక్కకు ఇప్పుడే వేసి మట్టి ఎగదోయమన్నాను, పై ముక్కకు వాన పడ్డాకే. పై ముక్కలో మామిడి పెట్టొచ్చా అని అడిగింది. మీటరు గుంత తీస్తే అందులో అరవై సెంటీమీటర్లు కుళ్లిన రాయిలో తొలిచిన తొట్టే అవుతుంది. నవంబరు వానల్లో నీళ్లు నిలిచి, వేసవిలో వేరు బయటికి పోలేక మొక్క నిలబడదు. చెట్టు పెట్టాలనుకున్న ప్రతి చోటా ముందు గడ్డపార పొడిచి, మూడడుగులు మట్టిలోనే దిగిన చోట మాత్రమే పెట్టమన్నాను.

"మా అత్త కాలంలో ఆ పైన ఉలవలే చల్లేవాళ్లు" అంది అవ్వ, గడ్డపార అందుకుంటూ.